చూడలేనివాడి పక్షాన

టెస్ట్ మ్యాచ్‌లో రోజుకు 90 ఓవర్లు, ఆరు గంటల ఆట. లెక్కగడితే బంతికి 40 సెకన్లు. బౌలర్ పరుగు అందుకున్నప్పటి నుంచి బంతి ఫీల్డర్ చేతిలో ఆగేదాకా మహా అయితే పది సెకన్లు. మిగతా అర నిమిషం బౌలర్ వెనక్కి నడుస్తాడు, బ్యాట్స్‌మన్ గ్లవ్స్ బిగించుకుంటాడు, కెప్టెన్ మిడాఫ్‌ను రెండడుగులు పక్కకి జరుపుతాడు. టీవీకి ఈ అర నిమిషంతో బెంగ లేదు. రీప్లే ఉంది, అంకెల పట్టికలున్నాయి. రేడియోకి ఉన్నది గొంతు ఒక్కటే. బంతి పడ్డప్పుడు చెప్పడం సాధన మీద ఎవరికైనా వస్తుంది. ఏమీ జరగని అర నిమిషంలో వినేవాణ్ణి కట్టిపడేయడంలోనే వ్యాఖ్యాత పనితనం తేలుతుంది.

ఆ పనితనాన్ని దగ్గరగా చూడాలంటే హర్షా భోగ్లేని వినాలి. చాలామందికి ఆయన టీవీ మనిషిగానే తెలుసు. చేయి తిరిగింది మాత్రం రేడియో దగ్గర. తెర మీద ఆయన చేసే ప్రతి మంచి పనికీ మూలం, మైకు తప్ప మరో సాయం లేని ఆ రోజుల్లో దొరుకుతుందని నా నమ్మకం.

షోలాపూర్ నీలం నగర్ నుంచి ఆయన గురించి రాయడానికి ఇంకో కారణం కూడా ఉంది. కరీంనగర్, వరంగల్, నల్గొండ, పాలమూరు వైపుల నుంచి తరాల కిందట బతుకుతెరువు కోసం వచ్చి, చద్దర్లూ టవళ్లూ నేస్తూ ఇక్కడే పాతుకుపోయిన తెలుగువాళ్లం మేము. ఇంట్లో తెలుగు, బజార్లో మరాఠీ, సినిమా దగ్గర హిందీ. హర్షది దీనికి తిరగేసిన కథ. మరాఠీ కుటుంబం, 1961 జులై 19న పుట్టిందీ, పెరిగిందీ హైదరాబాద్‌లో. తండ్రి ఫ్రెంచి ప్రొఫెసరు, తల్లి మనస్తత్వ శాస్త్రం ప్రొఫెసరు. హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదువు, ఉస్మానియాలో కెమికల్ ఇంజనీరింగ్, తర్వాత అహ్మదాబాద్ ఐఐఎం. ఇంట్లో ఒక భాష, గుమ్మం దాటితే ఇంకొకటి, బళ్లో మూడోది. అట్లా పెరిగినవాళ్లకు ఒక గుణం అబ్బుతుంది. ఎదుటివాడికి ముందే అంతా తెలుసనుకుని మాట మొదలుపెట్టరు. మా పేట పిల్లల్లోనూ అది చూస్తుంటాను. ఒకే సంగతిని నాయనమ్మకు ఒక తీరుగా, మరాఠీ మాస్టారుకు ఇంకో తీరుగా చెప్పడం వాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. రేడియోలో ఆట చెప్పేవాడికి ఇంతకు మించిన పెట్టుబడి లేదు.

చెవి ఆనించినవాడికి ముందు కావలసింది

క్రికెట్ ఈ ఊరికి కొత్త కాదు. భారత జట్టు మాజీ కెప్టెన్ పాలీ ఉమ్రీగర్ బాల్యం గడిచింది షోలాపూర్‌లోనే. ఆయన తండ్రిది బట్టల వ్యాపారం. రేడియో వ్యాఖ్యానమూ మా వైపు కొత్త కాదు; మరాఠీలో దానికి దారి వేసిన బాళ పండిత్‌ది పుణే. ఆకాశవాణి టెస్ట్ మ్యాచ్ వేస్తే కాసేపు హిందీ, కాసేపు ఇంగ్లీషు వంతులవారీగా వచ్చేవి. సాంచాలు (మరమగ్గాలు) నడిచే కార్ఖానాలో ట్రాన్సిస్టర్ పెట్టుకుంటే ఓవర్ మొత్తం తెగకుండా వినడం కుదిరే పని కాదు. పోగు తెగితే అతకాలి, కండె అయిపోతే మార్చాలి, ఆ పని చూసుకుని వచ్చి మళ్లీ చెవి ఆనించాలి. అట్లా వచ్చినవాడికి వర్ణన అక్కర్లేదు. స్కోరెంత, ఎవరు పోయారు, ఇప్పుడెవరు ఆడుతున్నారు అన్న మూడు ముక్కలు వెంటనే కావాలి. అవి చెప్పకుండా ఆకాశం రంగు వర్ణించే వ్యాఖ్యాతను కార్ఖానాలో ఎవరూ క్షమించరు.

అమెరికాలో బ్రూక్లిన్ డాడ్జర్స్ బేస్‌బాల్ జట్టుకు రేడియోలో చెప్పిన రెడ్ బార్బర్ ఈ సంగతి బాగా ఎరిగిన మనిషి. వంటింట్లో గుడ్లు ఉడికించేటప్పుడు వాడే మూడు నిమిషాల ఇసుక గడియారాన్ని మైకు ముందు పెట్టుకునేవారు. ఇసుక జారడం అయిపోగానే స్కోరు చెప్పి దాన్ని తిరగేసేవారు. ఇప్పుడే రేడియో పెట్టినవాడికి మూడు నిమిషాల లోపల లెక్క తెలియాలన్నది ఆయన నియమం.

హర్ష దగ్గర ఇసుక గడియారం లేదు. నియమం ఉంది. స్కోరును ఆయన విడిగా ప్రకటించినట్టు చెప్పరు. చెబుతున్న మాటలోకే లాగేస్తారు. బ్యాట్స్‌మన్ తొందరపడుతున్నాడని చెప్పాలంటే, ఎన్ని బంతులుగా ఎన్ని పరుగుల మీద నిలిచిపోయాడో అదే వాక్యంలో వస్తుంది. బౌలర్ మార్పు గురించి చెప్పాలంటే, పాత బౌలర్ ఎన్ని ఓవర్లకు ఎన్ని ఇచ్చాడో కలిసే వస్తుంది. మొదటినుంచీ వింటున్నవాడికి అదే స్కోరు పదోసారి విన్న విసుగు ఉండదు. అప్పుడే వచ్చినవాడికి లోటూ ఉండదు. టవల్ అంచులో కలిసిపోయిన పోగులా స్కోరు మాటల్లో కలిసిపోతుంది; కనపడదు, కానీ అది లేకపోతే అంచు నిలవదు.

గెలుస్తున్నవాళ్ల ముందు మన జట్టు

ఆకాశవాణి హైదరాబాద్‌లో మైకు ముందు కూర్చునేనాటికి ఆయన వయసు 19. హైదరాబాద్ ‘ఏ’ డివిజన్ లీగులో ఆడారు. విశ్వవిద్యాలయాల రోహింటన్ బారియా టోర్నీలోనూ ఆడారు. అంటే బంతి బ్యాట్ అంచుకు తగిలితే చేతికి ఎట్లా ఉంటుందో తెలుసు, పెద్ద ఆటలో నిలబడితే ఎట్లా ఉంటుందో తెలియదు. ఈ సగం తెలియడం ఆయన పనికి ఎంత ఉపయోగపడిందో తర్వాత చెబుతాను. ఐఐఎం తర్వాత రెండేళ్లు రెడిఫ్యూజన్ అనే ప్రకటనల సంస్థలో పనిచేశారు. నాలుగు మాటల్లో సరుకు అమ్మే చోటు అది. మాట పొదుపు అక్కడ బాగా ఒంటపట్టి ఉండాలి.

1991–92లో భారత జట్టు ఆస్ట్రేలియా వెళ్లినప్పుడు అక్కడి ఏబీసీ రేడియో తన వ్యాఖ్యాతల బృందంలోకి హర్షను పిలిచింది. ఏబీసీ అట్లా పిలిచిన తొలి భారతీయుడు ఆయనే. అప్పటికి నిండా 31 ఏళ్లు లేవు, దేశం తరఫున ఆడిన చరిత్ర లేదు.

ఆ పని ఎంత కష్టమో ఊహించండి. వినేవాళ్లు ఆస్ట్రేలియన్లు. గెలుస్తున్నదీ వాళ్లే. అయిదు టెస్టుల సిరీస్ 4–0. ఓడుతున్న జట్టు తరఫున వచ్చినవాడు రెండు తప్పుల్లో ఏదో ఒకటి చేస్తాడు. మనవాళ్లను వెనకేసుకొస్తాడు, లేదంటే ఆతిథ్యమిచ్చినవాళ్ల మెప్పు కోసం మనవాళ్లను తక్కువ చేస్తాడు. ఆ సిరీస్‌లో చెప్పవలసినవి చాలా ఉన్నాయి. 18 ఏళ్ల టెండూల్కర్ సిడ్నీలో 148 నాటౌట్, ఎగిరిపడే పెర్త్ పిచ్ మీద 114. సిడ్నీలోనే రవిశాస్త్రి 206. శాస్త్రిని అవుట్ చేసిన కొత్త లెగ్‌స్పిన్నర్ పేరు షేన్ వార్న్. ఆ మ్యాచ్‌లో అతనికి దక్కింది ఆ ఒక్క వికెట్టే. అడిలైడ్‌లో కెప్టెన్ అజహరుద్దీన్ రెండో ఇన్నింగ్స్‌లో 106 కొట్టినా భారత్ 38 పరుగుల తేడాతో ఓడింది.

అజహర్ కూడా హైదరాబాదీ. ఆ జట్టులోని ఎడమచేతి స్పిన్నర్ వెంకటపతి రాజూ హైదరాబాదీయే. సొంత ఊరి మైదానాల్లో ఆడి ఎదిగినవాళ్ల ఆటను, వాళ్ల పేర్లు సరిగా పలకడం కూడా రాని శ్రోతలకు చెప్పాలి. అజహర్ మణికట్టు అద్భుతమని వంద విశేషణాలు గుప్పిస్తే ఆస్ట్రేలియా శ్రోతకు ఏమీ కనపడదు. ఆఫ్‌స్టంప్ అవతల పడ్డ బంతి మిడ్‌వికెట్‌కు వెళ్లిందని చెబితే, మధ్యలో ఏం జరిగి ఉంటుందో క్రికెట్ తెలిసిన చెవి తానే కట్టుకుంటుంది. బయల్దేరిన చోటూ చేరిన చోటూ చెప్పి మధ్యదాన్ని శ్రోతకు వదిలేయడం రేడియో పనిలో పెద్ద విద్య. హర్ష మాటల్లో విశేషణాల కన్నా దిక్కులూ దూరాలూ ఎక్కువ దొర్లడానికి కారణం అదేననుకుంటాను. అజహర్ మీద తర్వాత ఆయన పుస్తకమే రాశారు. ఊరివాడి మీద ప్రేమకు అది చోటు. మైకు ముందు ఆ ప్రేమకు లెక్క ఉండాలి.

ఏబీసీ వాళ్లు తర్వాత కూడా ఆయన్ను పిలుస్తూ వచ్చారు. 1996, 1999 ప్రపంచ కప్పులకు బీబీసీ పిలిచింది. ఒకసారి అతిథిగా పిలవడానికి మర్యాద చాలు. పరాయి దేశం ఏళ్లతరబడి పిలవాలంటే పని నచ్చాలి.

ఎవరి గొంతు?

వ్యాఖ్యాత ఎవరి పక్షం అన్న ప్రశ్నకు లోకంలో రెండు జవాబులున్నాయి. అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఫిలడెల్ఫియా ఈగల్స్ జట్టుకు 1977 నుంచి రేడియోలో మెరిల్ రీస్‌దే గొంతు. 1998 నుంచి ఆయన పక్కన మైక్ క్విక్, అదే జట్టుకు ఒకప్పుడు ఆడినవాడు. ఏం జరిగిందో రీస్ చెబుతారు, ఎందుకు జరిగిందో క్విక్ చెబుతారు. 2018 ఫిబ్రవరి 4న ఈగల్స్ 41–33తో పేట్రియట్స్‌ను ఓడించి మొదటిసారి సూపర్ బౌల్ గెలిచినప్పుడు రీస్ తన సంతోషాన్ని దాచుకోవలసిన పని లేదు. అది జట్టు రేడియో. ఆ ఊరి వాళ్లు టీవీలో చప్పుడు తగ్గించి రీస్‌ను పెట్టుకుంటే తమ ఇంటి మనిషిని పెట్టుకున్నట్టే. కోల్‌కతాలో ఫుట్‌బాల్‌ను బెంగాలీలో చెప్పిన అజయ్ బసు, పుష్పేన్ సర్కార్, కమల్ భట్టాచార్యలకు ఆ సౌకర్యం లేదు. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ తలపడేనాడు గొంతు ఏ పక్కకు ఒరిగినా రెండో సగం ఊరు పట్టేస్తుంది.

హర్షది ఎటూ ఒరగని ఈ రెండో తెగ. దానికి ఆయన మూల్యం చెల్లించినట్టే కనిపించిన సందర్భం ఒకటుంది. 2016 మార్చి 23న బెంగళూరులో బంగ్లాదేశ్ మీద భారత్ ఒక్క పరుగుతో గట్టెక్కింది. ఆ మ్యాచ్ అయ్యాక, మన వ్యాఖ్యాతలు అవతలి ఆటగాళ్లను కాక మనవాళ్లను ఎక్కువగా పొగడాలని అమితాబ్ బచ్చన్ బహిరంగంగా అన్నారు; ధోనీ ఆ మాటకు వత్తాసు పలికారు. పేరు ఎవరిదీ ఎత్తలేదు. హర్ష బదులు మాత్రం వ్యాఖ్యాన వృత్తి మీద చిన్న పాఠంలా వచ్చింది. హిందీ వ్యాఖ్యానం మన దేశంలో వినేవాళ్లకు. ఇంగ్లీషు వ్యాఖ్యానం బంగ్లాదేశ్‌తో సహా అన్ని దేశాలకూ వెళ్తుంది. రెండు దేశాల అభిమానులు వింటున్నప్పుడు ఒక దేశం తరఫున మాట్లాడటం కుదరదు. ఆయన చెప్పిన సారాంశం ఇంతే. కొద్దిరోజులకే ఆ ఏడాది ఐపీఎల్ వ్యాఖ్యాతల నుంచి ఆయన్ను తప్పించారు. కారణం బయటకు చెప్పలేదు. తర్వాత మళ్లీ పిలిచారు. వచ్చిన మనిషి గొంతులో తేడా లేదు, అవతలి జట్టు మంచి బంతి వేస్తే అదివరకటంత సంతోషంగానే చెప్పారు.

ప్రశ్న అడిగే చోటు

మన దేశంలో రేడియో క్రికెట్ వ్యాఖ్యానానికి ఆద్యుడు బాబీ తల్యార్‌ఖాన్. 1930లలో బొంబాయి పోటీలను ఒక్కడే రోజంతా చెప్పేవారు. మైకును ఇంకొకరితో పంచుకోవడం ఆయనకు గిట్టేది కాదు. ఆ ఒంటరి గొంతుకో అందం ఉంది. హర్ష విద్య దానికి పూర్తిగా ఎదురు దిశలో ఉంది. పక్కన మాజీ ఆటగాడు ఉంటేనే ఆయన పనితనం పూర్తిగా బయటపడుతుంది.

ఈసారి ఆయన వ్యాఖ్యానం వింటే ప్రశ్న ఎక్కడ పడుతుందో గమనించండి. బంతి ఆగింది, ఫలితం చెప్పేశారు, స్కోరు కలిపేశారు. బౌలర్ ఇంకా వెనక్కి నడుస్తున్నాడు. అప్పుడు ఒక చిన్న ప్రశ్న. అవునో కాదో అని జవాబు చెప్పి తప్పించుకునే వీలు లేని ప్రశ్న. ఫలానా ఫీల్డరు అక్కడి నుంచి ఇక్కడికి ఎందుకొచ్చాడు? మీరైతే ఈ బౌలర్‌కు ఇంకో ఓవర్ ఇస్తారా, ఇస్తే ఏ కొన నుంచి? పక్కనున్నవాడు ఇరవై సెకన్లలో చెప్పగలిగేంత జవాబు. బౌలర్ తిరిగి పరుగు అందుకునేసరికి ఆ జవాబు ముగుస్తుంది, ముగియకపోతే హర్ష ఒక్క మాటతో దాన్ని కట్టేసి బంతి దగ్గరికి తీసుకొస్తారు. శ్రోతకు ఈ ఇచ్చిపుచ్చుకోవడం తెలియదు. బంతి మీద మాట ఒక్కటీ పోలేదన్నది మాత్రమే తెలుస్తుంది.

ఆ ప్రశ్నలు ఎవరివి? కార్ఖానాలో పోగు అతుక్కుంటున్నవాడివి, చేటలో ఆకు పెట్టుకుని బీడీలు చుడుతున్న అమ్మవి, లారీ నడుపుతున్నవాడివి. వాళ్లు మాజీ కెప్టెన్ పక్కన కూర్చుని అడగలేరు కాబట్టి వాళ్ల తరఫున అడిగేవాడు ఒకడు కావాలి. టెస్టులు ఆడినవాడికి ఈ ప్రశ్న తోచదు. అతనికి జవాబు తెలుసు. ఆటే తెలియనివాడికీ తోచదు; ఏం అడగాలో తెలియదు. సగం తెలిసినవాడికే తోస్తుంది. హైదరాబాద్ లీగులో ఆగిపోయిన ఆ క్రికెట్ అట్లా పనికొచ్చింది.

ఈ చోటు మీద బాహాటంగా వాదన జరిగిన రోజు కూడా ఉంది. 2019 నవంబరులో ఈడెన్ గార్డెన్స్‌లో భారత్, బంగ్లాదేశ్ మధ్య మన దేశంలో మొదటి డే–నైట్ టెస్ట్. బంగ్లాదేశ్ బ్యాట్స్‌మెన్ తలలకు బంతులు తగిలాయి. లైట్ల కింద గులాబీ బంతి సరిగా కనపడుతోందా లేదా అని ఆడినవాళ్లనే అడిగి తెలుసుకోవాలని హర్ష అన్నారు. అడగవలసిన అవసరం మీకుంది, ఆడినవాళ్లకు ఆ అవసరం లేదన్న అర్థంలో సంజయ్ మంజ్రేకర్ తీసిపారేశారు. ఆడటం అన్నది తెలుసుకోవడానికి అడ్డు కాకూడదని హర్ష జవాబు. మాట తూలినందుకు మంజ్రేకర్ తర్వాత విచారం వెలిబుచ్చారు. ఆ రోజు నాకు నచ్చింది జవాబులోని చురుకు కాదు, గొంతు. మాట పడ్డాక కూడా అది ఒక మెట్టు పైకెక్కలేదు. ఆ కోపం శ్రోత మీద పడకూడదన్న ఎరుక అది.

గొంతు మెట్ల సంగతి ఎత్తాను కాబట్టి దాన్నీ చెప్పాలి. గంటకు 140 కిలోమీటర్ల వేగంతో వేసిన బంతి బ్యాట్స్‌మన్‌ను చేరడానికి అర సెకను పట్టదు. ఆ అర సెకనులో ఏ మాటా ఇమడదు. కాబట్టి రేడియో వ్యాఖ్యాత బంతి వెనకాలే పరుగెడుతుంటాడు. ఆ ఆలస్యం తెలియకుండా చేసేది గొంతే. హర్ష బంతి గాల్లోకి లేవగానే మాటల వేగం పెంచుతారు, స్థాయి పెంచుతారు. కానీ చివరి మెట్టు అట్టిపెట్టుకుంటారు. అది బంతి తాడు దాటాక, లేదా చేతిలో పడ్డాక. ప్రతి ఫోర్‌కూ గొంతు చించుకునేవాడికి వరల్డ్ కప్ ఫైనల్ నాటికి ఎక్కడానికి మెట్టు మిగలదు. ఆ చివరి మెట్టు తర్వాత ఆయన చేసేది ఇంకా కష్టమైన పని: నోరు మూసుకుంటారు. జనం హోరు వినిపిస్తుంది. ఖాళీకి భయపడని ధైర్యం రేడియోలో పండినవాడికే ఉంటుంది.

ఆయనలో లోపాలు లేకపోలేదు. ఒక్కోసారి వాక్యం మరీ తీర్చిదిద్దినట్టుంటుంది. ముందే జేబులో పెట్టుకుని వచ్చారేమో అనిపిస్తుంది. పెద్ద ఆటగాళ్ల మీద కటువుగా మాట్లాడవలసిన చోట మెత్తబడతారు. ప్రశ్నలు అడిగేవాడికి తలుపులు తెరిచి ఉంచుకోవలసిన అవసరం ఉంటుందని సర్దిచెప్పుకోవచ్చు. ఆ సర్దుబాటు ప్రతిసారీ చెల్లదు.

మన భాషలోకి వస్తే

2018 చివర స్టార్ స్పోర్ట్స్ తెలుగు ఛానల్ వచ్చాక ఇక్కడ నీలం నగర్‌లో కూడా పిల్లలు క్రికెట్‌ను తెలుగులో వింటున్నారు. మరాఠీ బళ్లో చదివే పిల్లలకు ఇంటి భాషలో ఆట వినపడటం చిన్న సంగతి కాదు. ఆనాడు అజహర్ జట్టులో ఉన్న వెంకటపతి రాజు కూడా తెలుగులో వ్యాఖ్యానం చెప్పారు. ఆడినవాళ్లకు కొదవ లేదు. పంచ్ డైలాగులకూ కొదవ లేదు. నాకు వెలితిగా తోచేది అడిగేవాడు. అందరూ జవాబులు చెబుతున్న గదిలో ప్రశ్న ఎవరిది?

భాష కూడా ఒక చిక్కు పెడుతుంది. తెలుగులో క్రియ వాక్యం చివర వస్తుంది. ఎవరు, ఎక్కడ పడ్డ బంతిని, ఏ వైపుకు అని అన్నీ చెప్పి ‘కొట్టాడు’ అనేసరికి బంతి తాడు దాటి ప్రేక్షకుల్లో ఉంటుంది. దీనికి విరుగుడు అరుపు కాదు. వాక్యాన్ని విరవాలి. పేరు ముందు, దిక్కు తర్వాత, క్రియను వదిలేయాలి. బంతి ఆగాక తీరిగ్గా నిండు వాక్యం చెప్పాలి. మన వీధుల్లో గోలీలాట చూస్తూ పక్కవాడికి చెప్పే పిల్లలు సరిగ్గా ఇదే చేస్తారు. హర్ష ఇంగ్లీషు నుంచి మనవాళ్లు తెచ్చుకోవలసింది ఆయన పదాలు కావు. బంతికి ఎన్ని మాటలు, ప్రశ్నకు ఏ క్షణం, గొంతుకు ఏ మెట్టు అన్న లెక్క. అది ఏ భాషకైనా చెల్లుతుంది.

ఒక చిన్న పరీక్ష చెబుతాను. ఈసారి మ్యాచ్ వచ్చినప్పుడు టీవీకి వీపు పెట్టి కూర్చుని ఒక్క ఓవర్ వినండి. ఆరు బంతులయ్యాక మూడు ప్రశ్నలు వేసుకోండి: స్కోరెంత, చివరి బంతి ఎటు పోయింది, కెప్టెన్ ఫీల్డింగ్‌లో ఏం మార్చాడు. మూడింటికీ జవాబు మీ దగ్గర ఉంటే ఆ వ్యాఖ్యాత పనివాడు. ఒక్కదానికీ లేకపోతే, అతను ఎంత గట్టిగా అరిచినా మిమ్మల్ని మరచిపోయి మాట్లాడుతున్నట్టే.